విభక్తి లేని ఇన్సర్ట్ వాక్యాలు

డాటాబేసు నుండి ఎగుమతి చేసిన ఫైలును ఎడిటరులో తెరిచి, వెతికి మార్చే మీట నొక్కి, అందులోని ఇన్సర్ట్ వాక్యాలను మీకు కావలసిన తీరున దిద్దుకొనవచ్చునని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఇచ్చినవారు ఎంతటి ప్రోగ్రామరైనా సరే, వినకండి. ఈ టపా సారాంశం ఇంతే. తీరిక లేనివారు ఇక్కడితో ఆగిపోవచ్చును. ఎందుకు వినకూడదో, వినకపోతే మరేమి చేయాలో తెలుసుకొనదలచినవారు కొంచెం ఓపిక పట్టండి.

సాహిత్యం రాసుకొనే చోట ఈ గొడవ ఏమిటని కొందరు మిత్రులు ముక్కున వేలేసుకొనవచ్చు. మనం లేఖినిలో టైపు చేసి ప్రచురించిన ప్రతి పద్యమూ, ప్రతి వ్యాసమూ, దాని కింద వచ్చిన ప్రతి వ్యాఖ్యా ఏదో ఒక డాటాబేసు పట్టికలో ఒక వరుసగా ఉంటుంది. ఇల్లు మారేనాడు ఆ వరుస ఒక ఇన్సర్ట్ వాక్యమై బయటికి వస్తుంది. తాళపత్రానికి చెద ఎట్లాగో మన రాతకు ఆ ప్రయాణం అట్లాగ. చెద తిన్న ఆకు కంటికి కనబడుతుంది. ఇక్కడ తిన్నది చాలా మారులు కనబడదు.

నా అనుభవం చెబుతాను. 2007లో నేనొక చిన్న పదకోశం మొదలుపెట్టాను. పెద్ద నిఘంటువులలో చోటు దొరకని ఊరి మాటలు, పనివాళ్ల మాటలు, వంటింటి మాటలు అందులో చేర్చడం నా ఉద్దేశం. ఉచితంగా చోటిచ్చే ఒక సర్వరులో మైఎస్‌క్యూఎల్ పట్టిక ఒకటి కట్టుకొన్నాను. అందులో అయిదు గడులు: పదం, అర్థం, వాడుక, ప్రాంతం, పంపినవారు. తెలిసినవారూ తెలియనివారూ మాటలు పంపసాగారు. అందరికన్నా ఎక్కువగా పంపినవారు బాపట్ల వైపు సముద్రపుటొడ్డున బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న ఒక మాస్టారు. ఆయనకు కంప్యూటరు రాదు. ఇన్‌లాండ్ లెటర్ మీద సన్నని అక్షరాలతో పల్లెకారుల మాటలు రాసి పంపేవారు. నేను టైపు చేసి ఎక్కించి, ఇక భద్రంగా ఉన్నవి కదా అని ఆ ఉత్తరాలను పారవేసేవాడిని. ఈ చివరి వాక్యాన్ని గుర్తుంచుకోండి.

2012లో ఆ ఉచిత సర్వరు మూతపడుతున్నదని కబురు వచ్చింది. గడువు చివరి రోజున ఎగుమతి చేసి ఫైలు దించుకొన్నాను. కొత్త చోట కొత్త పట్టిక కట్టాను. కట్టేటప్పుడు రెండు సంస్కరణలు చేశాను. ప్రాంతం గడిని రెండవ చోటికి జరిపాను. ఒకే మాట రెండు మార్లు రాకూడదని పదం గడికి ఏకైకత నియమం పెట్టాను. ఈ రెండూ నా సొంత తెలివి. మిగిలినవన్నీ మిత్రుల సలహాలు.

ఆ ఫైలులో ఉన్నదేమిటో ముందు చెప్పాలి. ఇన్సర్ట్ వాక్యం నిజంగా వాక్యమే. ఫలానా పట్టికలో, ఫలానా గడులలో, ఫలానా విలువలు చేర్చుమని డాటాబేసుకు చేసే ఆజ్ఞ. కాని మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే ఎగుమతి ఉపకరణం, మనం ప్రత్యేకంగా కోరకపోతే, గడుల పేర్లు రాయదు. పట్టిక పేరు చెప్పి, వాల్యూస్ అని, విలువలను కామాలతో వరుసగా పెట్టుకొంటూ పోతుంది. ఏ విలువ ఏ గడికి చెందినదో దాని స్థానమే చెప్పాలి.

మన భాష తెలిసినవారికి ఇందులోని లోపం వెంటనే తట్టాలి. రాముడు రావణుని చంపెను అన్నా, రావణుని రాముడు చంపెను అన్నా, చంపెను రావణుని రాముడు అన్నా చచ్చినవాడు రావణుడే. విభక్తి ఉన్నది కనుక పదం ఎక్కడ కూర్చున్నా దాని పని చెడదు. ఇంగ్లీషులో ఆ రెండు పేర్లను అటూ ఇటూ మార్చితే చచ్చేవాడు మారిపోతాడు. గడుల పేర్లు రాసిన ఇన్సర్ట్ వాక్యం తెలుగు వాక్యం వంటిది; పేర్లు రాయనిది విభక్తి లేని వాక్యం. అందులో స్థానం తప్పితే అర్థం తలకిందులవుతుంది. తలకిందులైనదని చెప్పేవారుండరు. పాత పట్టికలో అయిదు గడులు, కొత్త పట్టికలో అయిదు గడులు, అన్నింటిలోనూ అక్షరాలే. లెక్క సరిపోయింది కనుక డాటాబేసు మారు మాట్లాడలేదు. నా పదకోశంలో అర్థాలన్నీ ప్రాంతాలైనవి, వాడుకలు అర్థాలైనవి, ప్రాంతాలు వాడుకలైనవి.

ఇక సలహాల సంగతి. మొదటి సలహా: వరుసలన్నీ ఒకే పొడుగు వాక్యంలో ఉన్నవి కదా, చదవడానికి వీలుగా విడగొట్టు. మైఎస్‌క్యూఎల్‌డంప్ మామూలుగా ఎన్నో వరుసలను ఒక్క ఇన్సర్ట్ వాక్యంలో కూరుతుంది. ఒక వరుస ముగిసి మరొకటి మొదలయ్యేచోట కుడి కుండలీకరణం, కామా, ఎడమ కుండలీకరణం ఉంటాయి. ఆ మూడింటిని వెతికి, కామా తరువాత కొత్త పంక్తి పెట్టమన్నాడు మిత్రుడు. "ఒట్టి టెక్స్టే గురూ, భయమెందుకు?" అన్నాడు. నేను పెట్టాను. కాని నిఘంటువు రాసేవాడెవడైనా (వి),(క్రి),(విణ) అని వ్యాకరణ సంకేతాలు రాసుకోడా? నా అర్థాలలో ఎన్నో చోట్ల అదే మూడు గుర్తుల గుంపు ఉన్నది. అక్కడ కూడా పంక్తి విరిగింది. విలువ నడుమ పంక్తి విరిగినా ఎస్‌క్యూఎల్ వ్యాకరణానికి అది తప్పు కాదు. కనుక ఏ ఫిర్యాదూ రాలేదు. ఎడిటరుకు వాక్య నిర్మాణమేదో, ఆ వాక్యంలో నేను రాసుకొన్న మాట ఏదో తెలియదు. దానికి రెండూ అక్షరాలే. ఒట్టి టెక్స్టు అన్న మిత్రుని మాటలోని అసత్యం ఇదే. ఆ ఫైలులో రెండు భాషలున్నవి. ఒకటి డాటాబేసుతో మాట్లాడేది, రెండవది ఉల్లేఖన చిహ్నాల నడుమ నిద్రపోతున్న నా భాష. ఒకదానిని ఉద్దేశించి వేసిన దెబ్బ రెండవదానికీ తగులుతుంది.

రెండవ సలహా అక్షరాలను గూర్చినది. ఫైలు తెరిస్తే తెలుగు ఒక్క అక్షరమూ లేదు. తలపై వాలుగీత పెట్టుకొన్న ఐరోపా అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, ఆ పక్కన మరొకటి. పుటలకొద్దీ ఇదే వరుస. మనలో ఈ దృశ్యాన్ని చూడనివారు తక్కువ. దాని వెనుక లెక్క చాలా సులభం. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ 224. రెండవది 176 గాని 177 గాని. మూడవది 128 నుండి 191 వరకు ఏదైనా. పాత లాటిన్ పద్ధతిలో 224 అంటే ఆ వాలుగీత అక్షరం, 176 అంటే డిగ్రీ గుర్తు, 177 అంటే ప్లస్-మైనస్. అంతే రహస్యం.

అది నా పట్టికలో ఎట్లా చేరింది? మైఎస్‌క్యూఎల్ పుట్టినది స్వీడన్‌లో. 2018లో 8.0 వచ్చేదాకా, మనం వేరుగా చెప్పకపోతే, దాని పట్టికలు లాటిన్-1 లిపిలో, స్వీడిష్ అకారాది క్రమంలో ఏర్పడేవి. మన తెలుగు బైట్లు ఆ లాటిన్ గడులలో మారువేషంలో కూర్చునేవి. పెట్టేవాడూ తీసేవాడూ ఇద్దరూ లాటిన్ అనే అబద్ధమాడినంత కాలం తెరపైన తెలుగు చక్కగానే కనబడేది. ఎగుమతి ఉపకరణానికి ఆ ఒప్పందం తెలియదు. అది లాటిన్ అక్షరాలనే నమ్మి, వాటిని నిజాయితీగా యూటీఎఫ్-8లోకి మార్చి ఫైలులో రాసింది. తెలుగు అన్న మాటలో ఆరు సంకేతాలు, 18 బైట్లు. ఈ రెండవ మార్పిడి తరువాత అది 38 బైట్లవుతుంది.

గమనించండి, ఇంతవరకు ఏదీ పోలేదు. ఆ ఫైలును ముట్టుకొనక, దాని తలలో ఉన్న ఆజ్ఞలతో సహా, అది వర్ణించిన పాత పట్టికలోకే తిరిగి దించితే 38 బైట్లు మళ్లీ 18 అయి యథాస్థానంలో కూర్చునేవి. చూడటానికి అసహ్యంగా ఉన్నది కనుక చెడిపోయినదనుకొన్నాను. నా తప్పు అక్కడ మొదలైంది. మిత్రుడు ఒక మార్పిడి ప్రోగ్రాము పేరు చెప్పి, దానితో ఫైలు మొత్తాన్ని విండోస్ లాటిన్ సంకేతాలలోకి వెనక్కు తిప్పమన్నాడు. తిప్పబోతే కొన్ని అక్షరాలను మార్చలేనని అది మొరాయించింది. "మార్చలేనివాటిని వదిలేయమని చెప్పు, ఒక మీట ఉన్నది" అన్నాడు. చెప్పాను. వదిలేసింది.

వదిలేసినవి ఏవో తెలుసునా? విండోస్ లాటిన్ సంకేత పట్టికలో అయిదు స్థానాలు ఖాళీ: 129, 141, 143, 144, 157. ఇప్పుడు మన అక్షరాల మూడవ బైట్లు చూడండి. 129తో ముగిసేవి రెండు: అరసున్న, ఉకారపు కొమ్ము. 141తో ముగిసేది పొల్లు. 143తో ఏ, 144తో ఐ, 157తో ఝ. పొల్లు పోతే ఒత్తక్షరం లేదు. కొమ్ము పోతే ఇక తెలుగే లేదు, ఎందుకంటే తెలుగు అన్న మాటలోనే రెండు కొమ్ములున్నవి. మైఎస్‌క్యూఎల్ తన సొంత లాటిన్ పట్టికలో ఆ అయిదు ఖాళీలకూ ఏవో సంకేతాలు కేటాయించుకొన్నది కనుక తనంతట తాను అటూ ఇటూ మార్చితే ఒక్క బైటూ రాలదు. బయటి మార్పిడి ప్రోగ్రాముకు ఆ సంగతి తెలియవలసిన పని లేదు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఎన్నో మార్లు విన్నాను, అర్థమైనది ఆనాడే.

మూడవ సలహా అన్నిటికన్నా ఘోరమైనది. దిగుమతి చేయబోగా డాటాబేసు ఎట్టకేలకు నోరు తెరిచింది. తప్పులు, ఎర్ర అక్షరాలు. "ఇన్సర్ట్ పక్కన ఇగ్నోర్ అని చేర్చు, నోరు మూసుకొంటుంది" అన్నారు. వెతికి, అన్ని వాక్యాలలో చేర్చాను. నిజంగానే మూసుకొన్నది. ఇన్సర్ట్ ఇగ్నోర్ అంటే తప్పును సరిదిద్దుమని కాదు, తప్పును హెచ్చరికగా తగ్గించి ముందుకు సాగుమని. ఏకైకత నియమానికి అడ్డొచ్చిన వరుసను పారవేస్తుంది. గడిలో పట్టని మాటను కోసి పెడుతుంది. అది ఆ మాట కోసం ఏర్పడినదే, అడిగినవాడిదే బాధ్యత.

ఫలితం వినండి. కొమ్ము దగ్గర బైటు రాలినందున ప్రతి మాటా నా డాటాబేసులో మొదటి కొమ్ము వద్దనో మొదటి పొల్లు వద్దనో తెగిపోయింది. తెలుగు తెల అయినది. తెల్ల తెల అయినది. తెలుపు తెల, తెల్లవారుజాము తెల. ఇప్పుడు నాలుగూ ఒకే మాట. ఏకైకత నియమం ప్రకారం మొదటిది ఉండి మిగిలిన మూడూ పోవాలి. ఇగ్నోర్ అన్నాను కనుక కిక్కురుమనకుండా పోయినవి. మాస్టారు పంపిన పోటు కూడా అట్లాగే. సముద్రం పొంగే పోటు ఆయనది. తలపోటులోని పోటు మరొకరు పంపినది. తిరుమలలో ప్రసాదాలు వండే పోటు ఇంకొకరిది. అవి మూడూ మూడు వరుసలు. ఒకే మాట రెండు మార్లు రాకూడదన్న నా నియమమే అసలు అజ్ఞానం. అయినా ఇగ్నోర్ లేకపోతే ఆ నియమం తప్పని డాటాబేసే నాకు చెప్పి ఉండేది. దిగుమతి పూర్తయిన తరువాత తెరచి చూస్తే పోటు బదులు పోట అని ఉన్నది. దాని పక్కన వాడుక గడిలో బాపట అని ఉన్నది. బాపట్లకు ఒత్తు పోయి, వాడుకగా కూర్చున్నది.

గంట లోపలే తెలిసింది. కాని అన్ని మార్పులూ ఒకే ఫైలులో చేసి, చేసిన ప్రతిసారీ దాచుకొన్నాను. మొదటి ప్రతి లేదు. పాత సర్వరు లేదు. మూడు నెలల కిందట నాకు నేను మెయిలులో పంపుకొన్న ఒక పాత ఎగుమతి మాత్రం దొరికింది. దానితో పదకోశం మళ్లీ నిలబడింది. ఆ మూడు నెలలలో చేరినవి పోయినవి. అందులో అధిక భాగం మాస్టారివి. ఒక వారం తరువాత ఆయన ఫోను చేసి, "నాయనా, నా మాటలు ఎక్కినవా?" అని అడిగారు. "ఎక్కుతున్నవి మాస్టారూ" అన్నాను. మళ్లీ రాసి పంపుమని అడిగే ముఖం లేకపోయింది. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకొన్నాను. మరుసటి సంవత్సరం ఆయన పోయారు.

అందుచేత ఇది నాకు సాంకేతిక చర్చ కాదు. ఒట్టి టెక్స్టే కదా అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు చేయవలసినది. ఇన్సర్ట్ వాక్యాల తీరు మార్చుకొనడం తప్పని నేననడం లేదు. మార్చుకొని తీరాలి, ఉపకరణం దానంతటది ఇచ్చే తీరు మన అవసరానికి సరిపడటం అరుదు. నేననేది ఒక్కటే. మార్పును పుట్టుక దగ్గర చేయండి, లేదా గమ్యం దగ్గర చేయండి. నడుమ దారిలో ఫైలును పట్టుకొని కోయకండి.

పుట్టుక దగ్గర అంటే ఎగుమతి ఉపకరణాన్నే అడగడం. మైఎస్‌క్యూఎల్‌డంప్‌కు కంప్లీట్-ఇన్సర్ట్ అన్న ఐచ్ఛికం ఇస్తే ప్రతి వాక్యంలో గడుల పేర్లు రాస్తుంది. వాక్యానికి విభక్తి వస్తుంది. ఈ ఒక్కటి ఇచ్చి ఉంటే నా అర్థాలు ప్రాంతాలయ్యేవి కావు. స్కిప్-ఎక్స్‌టెండెడ్-ఇన్సర్ట్ అంటే ఒక వరుసకు ఒక వాక్యం. కుండలీకరణాలను వెతికి విడగొట్టే కసాయి పని అవసరం లేదు. ఆర్డర్-బై-ప్రైమరీ అంటే వరుసలు ఎప్పుడూ ఒకే క్రమంలో వస్తాయి. నిన్నటి ఎగుమతినీ నేటి ఎగుమతినీ పక్కపక్కన పెట్టి తేడా చూడవచ్చు. పట్టిక నిర్మాణం వద్దనుకొంటే నో-క్రియేట్-ఇన్ఫో. కొన్ని వరుసలే కావాలంటే వేర్. బొమ్మలవంటి అక్షరేతర దత్తాంశం ఉంటే హెక్స్-బ్లాబ్. లాటిన్ గడులలో తెలుగు మారువేషంలో ఉన్నదని తెలిస్తే డిఫాల్ట్-కేరక్టర్-సెట్ లాటిన్-1 అని చెప్పండి. బైట్లు ఉన్నవి ఉన్నట్టుగా బయటికి వస్తాయి. విండోస్ పవర్‌షెల్‌లో పనిచేసేవారు మళ్లింపు గుర్తుతో ఫైలు సృష్టించకండి, అది యూటీఎఫ్-16 అయి కూర్చుంటుంది. రిజల్ట్-ఫైల్ ఐచ్ఛికం వాడండి. పీహెచ్‌పీమైఅడ్మిన్ వాడేవారు ఎగుమతి పుటలో త్వరిత పద్ధతిని వదలి, ఐచ్ఛికాలన్నీ చూపే పద్ధతిని ఎంచుకొంటే గడుల పేర్లు చేర్చాలా, వరుసలు కలపాలా విడదీయాలా అన్నవి అక్కడే అడుగుతుంది.

ఈ విభక్తి సంగతి నా సొంత కనిపెట్టుడు కాదు. పోస్ట్‌గ్రెస్ వారి పీజీ-డంప్ చూడండి. అది మామూలుగా ఇన్సర్ట్ వాక్యాలే రాయదు; కాపీ అన్న ఆజ్ఞ రాస్తుంది, అందులో గడుల పేర్లుంటాయి. ఇన్సర్ట్స్ అని కోరితే పేర్లు లేని వాక్యాలు, కాలమ్-ఇన్సర్ట్స్ అని కోరితే పేర్లున్న వాక్యాలు వస్తాయి. గడుల క్రమాన్ని మార్చి ఉంటే మొదటి రకం పూర్తిగా విఫలం కావచ్చునని, రెండవది నెమ్మదైనా ఆ ప్రమాదం లేనిదని వారి మాన్యువలే హెచ్చరిస్తుంది. 2019లో వచ్చిన 12వ వెర్షను నుండి ఒక్కొక్క వాక్యంలో ఎన్ని వరుసలుండాలో కూడా చెప్పవచ్చు. అడిగితే ఇచ్చేదానిని అడగక, కత్తి పట్టుకొనడమెందుకు?

ఉపకరణం ఇవ్వలేని మార్పులూ ఉంటాయి. గడి పేరు మారాలి, రెండు గడులు ఒకటి కావాలి, అక్షరాలు బాగుపడాలి. అటువంటప్పుడు గమ్యం దగ్గర పని. ఎగుమతి ఫైలును ముట్టుకొనకుండా, ఒక వేరే డాటాబేసులో దించండి. వేరేది అని ఎందుకంటున్నానంటే, ఆ ఫైలు సాధారణంగా అదే పేరుగల పాత పట్టిక ఉంటే తుడిచివేయుమనే ఆజ్ఞతో మొదలవుతుంది. దించిన తరువాత కొత్త పట్టికలోకి మీ వాక్యం మీరు రాయండి:

ఇన్సర్ట్ ఇంటూ కొత్తపదాలు (పదం, ప్రాంతం, అర్థం, వాడుక, పంపినవారు) సెలెక్ట్ పదం, ప్రాంతం, అర్థం, వాడుక, పంపినవారు ఫ్రమ్ పాతపదాలు

ఇందులో ప్రతి పేరూ మీరు రాసినదే, ప్రతి మార్పూ మీరు కోరినదే. విలువల నడుమ కుండలీకరణాలున్నా, కామాలున్నా, ఉల్లేఖన చిహ్నాలున్నా డాటాబేసుకు పొరపాటు రాదు. అక్షరాలు బాగుచేయాలంటే పాత లాటిన్ గడిని ముందు బైనరీగా భావించి, ఆపై యూటీఎఫ్8ఎంబీ4గా మార్చే ప్రమేయాలు అదే వాక్యంలో రాయవచ్చు. ఆ అయిదు ఖాళీ స్థానాల గొడవ అక్కడ లేదు. తప్పు జరిగితే కొత్త పట్టిక ఖాళీ చేసి మళ్లీ నడపవచ్చు. మూలం చెక్కుచెదరదు. నేను రెండవసారి, మూడు నెలల పాత ఎగుమతితో చేసినది ఇదే. పావుగంట పట్టింది.

ఇక ఆక్షేపణలు. పది వరుసల ఫైలుకు ఇంత తతంగమా అని అడిగేవారుంటారు. పది వరుసలైతే కంటితో చదివి సరిచూసుకొనవచ్చు, చేత్తోనే దిద్దుకోండి. కంటితో పూర్తిగా చదవలేని ఫైలును చేత్తో దిద్దకూడదన్నదే నా నియమం. గడుల పేర్లు ప్రతి వాక్యంలో రాస్తే, వరుసకొక వాక్యం పెడితే దిగుమతి నెమ్మదిస్తుందంటారు. నిజమే. లక్షల వరుసలున్నచోట ఆ తేడా బాగా తెలుస్తుంది. అటువంటివారు యథాతథంగా తిరిగి నిలబెట్టుకొనడానికి వేగమైన ఎగుమతి ఒకటి, చదువుకొనడానికీ మార్చుకొనడానికీ పేర్లున్న ఎగుమతి మరొకటి చేసుకోవాలి. ఆ రెండూ వేరు వేరు పనులు. మన కవితల పట్టికకు, మన పదకోశానికి వేగం ఒక సమస్యే కాదు.

ఇగ్నోర్ బదులు రీప్లేస్ వాడవచ్చును కదా అంటారు మరికొందరు. మైఎస్‌క్యూఎల్‌లో రీప్లేస్ అంటే దిద్దడం కాదు. ఉన్న వరుసను తుడిచి కొత్త వరుస పెట్టడం. వాక్యంలో పేర్కొనని గడులలో మీరు నెలల తరబడి చేసుకొన్న సవరణలు ఖాళీలవుతాయి. ఉన్న వరుసను ఉంచి కొన్ని గడులే మార్చాలంటే ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్ అన్న వాక్యం ఉన్నది. దానిని మైఎస్‌క్యూఎల్‌డంప్ రాసిపెట్టదు. పైన చెప్పినట్టు గమ్యం దగ్గర మీరే రాసుకోవాలి. 2015లో వచ్చిన 5.7 నుండి మైఎస్‌క్యూఎల్ కఠిన నియమాలతోనే మొదలవుతుంది కదా, పట్టని మాటను కోయదు కదా అని ధీమా పడేవారికి ఒక మాట: ఇగ్నోర్ ఆ కాఠిన్యాన్ని కూడా సడలిస్తుంది. కాపలా కుక్క మొరిగితే దొంగ ఎక్కడని చూడాలి గాని దాని మూతి కట్టకూడదు.

ఫైలు మొదట ఉండే పంక్తులను వ్యాఖ్యలనుకొని తీసివేసే శుభ్రతాప్రియులూ ఉన్నారు. వ్యాఖ్య గుర్తు పక్కనే ఆశ్చర్యార్థకమూ, 40101 వంటి సంఖ్యా ఉంటే అది వ్యాఖ్య కాదు. 4.1.1 వెర్షను నుండి ఆ పైవన్నీ దానిని ఆజ్ఞగా పాటిస్తాయి. ఈ ఫైలు ఏ లిపి సంకేతాలలో ఉన్నదో చెప్పేది ఆ పంక్తే. చిరునామా చింపి ఉత్తరం పోస్టు చేస్తామా? మరికొందరు కనబడని అక్షరాలను ఏరివేస్తారు. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ట పొల్లుకూ వకూ నడుమ ఒక కనబడని అక్షరం ఉన్నది. దానిని తీస్తే సాఫ్ట్వేర్ అవుతుంది. కనబడనిదంతా చెత్త కాదని తెలుగు టైపు చేసేవారికైనా తెలియాలి.

చివరిగా ఒక పరీక్ష. మీ పట్టికలో పూర్తిగా తెలుగులో ఉన్న ఒక గడిని తీసుకొని దాని లెంగ్త్‌ను, కేర్-లెంగ్త్‌ను అడగండి. మొదటిది బైట్ల సంఖ్య, రెండవది డాటాబేసు తలచిన అక్షరాల సంఖ్య. మొదటిది రెండవదానికి సుమారు మూడింతలుంటే మీ తెలుగు తెలుగుగానే ఉన్నది. రెండూ సమానమైతే లాటిన్ మారువేషంలో ఉన్నది. ఎగుమతికి ముందే జాగ్రత్తపడండి. రెండింతలకు కాస్త ఎక్కువగా ఉంటే ఎవరో ఇదివరకే రెండు మార్లు మార్చారు. అయినా బైట్లు రాలి ఉండకపోతే బాగుపడుతుంది. దిగుమతికి ముందూ తరువాతా వరుసలు లెక్కపెట్టండి. ఎగుమతి ఫైలు మొదటి ప్రతిని దాచి, దాని నకలుతో పనిచేయండి. ఈ మూడింటికీ కలిపి పది నిమిషాలు పట్టదు. నేను ఆ పది నిమిషాలు మిగుల్చుకొన్నాను.

మాస్టారు పంపిన మాటలలో పోటు, పాటు వంటివి నాకు గుర్తున్నవి. అవి ఎవరికైనా తెలిసినవే. వలలో రకాలకు, గాలిలో రకాలకు ఆయన రాసిన పేర్లు గుర్తు లేవు. ఆ తీరం వైపు మనుషులున్నవారెవరైనా ఉంటే పెద్దవాళ్లనడిగి పంపండి. ఉత్తరం మీద రాసి పంపినా సరే. ఈసారి ఉత్తరాలు కూడా దాచుకొంటున్నాను.